ఇంటికొచ్చిన పడవ

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ గుండూ,

జవాబు రాయడం ఆలస్యమైంది, కోప్పడొద్దు. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. చెల్లెలికి మదనపల్లెకు బదిలీ అయింది. మిగతా సంగతులు తర్వాత. ఇప్పుడు చెప్పకపోతే నాకు అన్నం దిగదు: పడవ కొన్నా రా!

సెకండ్ హ్యాండ్‌దే. 16 అడుగుల ఫైబర్ పడవ. తడ పక్క, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పెద్దాయనది. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పోయినాం.

రంగు చూసి తీసుకోలేదులే. అడుగంతా రూపాయి బిళ్లతో కొట్టుకుంటా పోయినా. గాజుపీచు, రెసిన్ పొరలు గట్టిగా అతుక్కోనుంటే ఖణేల్మంటుంది, విడిపోయుంటే మొద్దుగా పలుకుతుంది. ముక్కు దగ్గర అరచేతంత మేర మొద్దుగా పలికింది. ఇంజను తగిలించే వెనక పలక ఇంకా ముఖ్యం. లోపల చెక్క ఉంటుంది, బోల్టుల బొక్కల్లోంచి నీళ్లు దిగి కుళ్లితే పైకి తెలీదు. పట్టుకోని ఊపి చూసినా, కదల్లా. "ఆవును బేరమాడినట్టు చూస్తా ఉండావే నాయనా" అని నవ్వినాడు పెద్దాయన. 38 వేలకు ఇచ్చినాడు. ఇంజను లేదు. రెండు తెడ్లు, ఒక గెడ. పులికాట్ లోతు తక్కువ కదా, చానా చోట్ల గెడతోనే నెట్టుకుంటా పోవచ్చు.

బండికెక్కించినాక ఆయన పడవ ముక్కు మీద చెయ్యేసి అట్లే నిలబడిపోయినాడు రా. నాకు మాట రాలా. బాగా చూసుకుంటానని మాత్రం చెప్పినా.

ఇంటికొచ్చినాక అమ్మ గేటు కాడే నిలేసింది, "యాడ పెడతావు?" అని. కొబ్బరిచెట్టు కింద వద్దనుకున్నా, కాయ పడితే ఫైబర్ పగులుతుంది. తూర్పు గోడ పక్కన పెట్టినాం. ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగి, రెండు దుంగల మీద పాత టైరు ముక్కలు పరిచి, బోర్లించినాం. నేలకు తగలకూడదు, చెమ్మా చెదలూ వస్తాయి. టార్పాలిన్ కప్పినాంగానీ బిగించలా, పక్కల గాలి ఆడాల. ఎండకు పైపూత సున్నంలా రాలిపోతుందని కప్పేది. ముక్కు దెబ్బ బాగా ఆరినాకే గీకి గాజుపీచు మ్యాట్ వెయ్యాల, తడి మీద రెసిన్ పట్టదు.

ఎందుకు కొన్నావని అందరూ అడగతా ఉండారు. నీకు చెప్పాల్నా? 2021 నవంబరు వాన. రాయలచెరువు కట్ట తెగుతుందని ఊళ్లు ఖాళీ చేయిస్తా ఉంటే, ఇక్కడ మన వీధిలో నడుం లోతు నీళ్లు. మీ అవ్వను మంచం మీదెక్కించి మనం నలుగురం మోసుకోని పోయినాం. కాలు జారుంటే... ఆ రోజు ఒక్క పడవుంటే అనుకున్నా. అప్పట్నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. అవ్వ లేదు ఇప్పుడు, ఉండుంటే ముందు ఆమెనే కూర్చోబెట్టుండేవాణ్ని.

సరే, కంట్లో నీళ్లొస్తా ఉండాయి, వేరే మాట. కల్యాణి డ్యామ్‌లో దించుదామంటావు, నాకు తెలుసు. అది తాగేనీళ్లు రా, వద్దు. సంక్రాంతికి నువ్వు రా, పులికాట్‌కే తీసుకుపోదాం, ఆ పెద్దాయన్ను కూడా ఎక్కించుకుందాం. లైఫ్ జాకెట్లు నేను చూస్తా. నువ్వు తాడు తీసుకురా, నైలాన్‌ది, నానినా కుళ్లదు. తుపాను గాలికి లేవకుండా పడవను కట్టెయ్యాల. లావు ఎంతంటే, ఉండు, పడవ మోసుకొచ్చిన బొలెరో ఆయన బాడుగకు వచ్చినాడు, పోవాల. ఫోన్ చేసి చెప్తా.