మూడు రోజుల కాలువ ట్రిప్ ఇక లేదు

మా దగ్గర సైకిళ్లు అద్దెకు తీసుకుని పోటోమాక్ నది పక్కనున్న పాత సరుకు పడవల కాలువ, సీ అండ్ ఓ (చెసపీక్ అండ్ ఒహాయో) కాలువ గట్టు మీద తిరిగే మేరీలాండ్, వర్జీనియా తెలుగువాళ్లందరికీ ఒక మాట. కంబర్‌లాండ్ నుంచి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ దాకా 184.5 మైళ్లు మూడు రోజుల్లో తొక్కించే ప్యాకేజీ తీసేస్తున్నాం. నిజం చెప్పాలంటే మాకు నాలుగు డబ్బులు మిగిలేది దాంట్లోనే.

రోజుకి అరవై మైళ్లంటే అందరూ తారు రోడ్డు లెక్కలో ఆలోచిస్తున్నారు. ఇది కంచర గాడిదలు పడవలకి కట్టిన తాడు లాగుతూ నడిచిన దారి, బొగ్గు కంబర్‌లాండ్ నుంచి అలాగే దిగేది, కాబట్టి మట్టీ కంకరా చెట్ల వేర్లూ తప్పవు, వాన పడిందంటే బురద మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రమే తిరగదు. "పల్లమే కదండీ" అంటారు. 74 లాకులు (గేట్లు మూసి నీటిమట్టం మార్చి పడవని మెట్టు మెట్టుగా దించే తొట్లు) కలిపి దిగేది 605 అడుగులు, అన్ని మైళ్లలో అదేం తెలుస్తుంది? తొక్కడం ఆపితే బండి ఆగుతుంది.

పైగా హడావిడిలో పా పా సొరంగం కూడా సరిగ్గా చూడకుండా వచ్చేస్తున్నారు, నాకు అదే బాధ. 3,118 అడుగుల పొడవు, కాలువకి నది వంకర్లు ఆరు మైళ్లు తప్పించడానికి తవ్వడం మొదలుపెడితే 14 ఏళ్లు పట్టింది. కాలువ పనీ, దానికి పోటీగా వేసిన బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు మార్గం పనీ 1828 జులై 4న ఒకే రోజు మొదలయ్యాయి. రైలు 1842కే కంబర్‌లాండ్ చేరిపోయింది, కాలువ చేరేసరికి 1850. లోపల చీకటి, దారి ఇరుకు, సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లాలి. టార్చి వేసి రెయిలింగ్ చూడండి, తాళ్లు ఒరుసుకున్న గుర్తులు ఇంకా ఉన్నాయి. ఈ కాలువ వెంట కార్ల రోడ్డు వేయొద్దని 1954లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ పత్రికా సంపాదకులకి సవాలు విసిరి మొత్తం నడిచారు, ఎనిమిది రోజులు. మనకి మూడెందుకు?

ఇక నుంచి ఐదు రోజులు. షటిల్ (మిమ్మల్నీ సైకిళ్లనీ తీసుకెళ్లే బండి) ఛార్జీ కొంచెం పెరుగుతుంది, డ్రైవర్ మధ్యలో ఇంకోసారి రావాలి మరి. ఇప్పటికే మూడు రోజులకి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు, లేదా పాత రేటుకే ఐదు రోజులు వెళ్లొచ్చు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో అయితే సైకిల్ గొడవే వద్దు, గ్రేట్ ఫాల్స్ దగ్గర నడవండి. దారి చదును, లాకులు వరసగా కనిపిస్తాయి. గోదావరి జిల్లాల పెద్దవాళ్లయితే మీకే లాకు ఎలా పనిచేస్తుందో చెబుతారు, వాళ్లు అక్కడి కాలువల్లో పడవల్ని మనుషులే గట్టు మీంచి లాగడం చూసినవాళ్లు.

గట్టు పక్కన క్యాంపు స్థలాలు ఉచితం, కానీ చలికాలంలో నీళ్ల పంపుల హ్యాండిళ్లు తీసేస్తారు. చెత్తబుట్టలు ఉండవు, పులిహోర ప్లేట్లు మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోవాలి. సన్న టైర్ల సైకిళ్లు మాత్రం ఈ దారికి ఇవ్వం, అడగొద్దు.