సంక్రాంతి ముందు పంపిన పాలిథీన్ ఫిల్ము రోల్స్ సంగతి

కారప్పొడి ప్యాకింగ్ చేసే మీలో కొందరు జనవరిలో ఫోన్ చేసి ఒకే మాట చెప్పారు. కారం కవరు అడుగుకి దిగకుండా మూతి దగ్గరే అంటుకుంటోంది, సీల్ మధ్యలో పొడి ఇరుక్కుని ప్యాకెట్లు కారుతున్నాయి, రోల్ ముట్టుకుంటే చేతికి చురుక్కుమంటోంది అని. సీలింగ్ మిషన్ వేడి చూసుకోమన్నాను. నా పొరపాటు, క్షమించండి. లోపం మా ఫిల్ములోనే ఉంది.

గుంటూరు కస్టమర్ ఒకాయన పక్కన పడేసిన రోల్‌నే వారం తర్వాత ఎక్కిస్తే చక్కగా నడిచిందన్నారు. అప్పుడర్థమైంది.

పాలిథీన్‌లో కరెంటు పారదు. రోలర్ల మీద రాసుకున్నప్పుడు పుట్టే స్టాటిక్ (కదలకుండా నిలిచే కరెంటు) ఎటూ పోలేక పైనే నిలిచి, సన్నటి పొడిని లాక్కుంటుంది. అందుకే ఫిల్ము తీసే ప్లాస్టిక్ దానాలో యాంటీస్టాటిక్, అంటే స్టాటిక్‌ని పోగొట్టే పదార్థం, కలుపుతాం. మేం వాడేది గ్లిసరాల్ మోనోస్టియరేట్. ఐస్‌క్రీముల్లో, బ్రెడ్డులో కూడా వేసే పదార్థమే. అది ఫిల్ము లోపలి నుంచి మెల్లగా పైకి ఊరి, గాలిలోని తేమను పట్టుకుంటుంది. కంటికి కనపడని ఆ తేమ పొర మీదుగానే స్టాటిక్ జారిపోతుంది. ఊరడానికి ఒకటి రెండు రోజులైనా కావాలి. పండగ ఒత్తిడిలో మేం పొద్దున తీసిన రోల్స్ సాయంత్రానికే లారీ ఎక్కించాం. చలికాలపు పొడిగాలి దానికి తోడైంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఫిల్ము బాగా జారాలని కొందరు అడిగితే డిసెంబరులో స్లిప్ (జారుడు కోసం దానాలో కలిపే పదార్థం) మోతాదు పెంచాం. స్లిప్ కూడా పైకి ఊరేదే. జారుడు పెరిగింది గానీ, యాంటీస్టాటిక్‌కి దక్కాల్సిన చోటు అది ఆక్రమించింది.

యాంటీస్టాటిక్ ఇంకాస్త ఎక్కువ వేయమంటున్నారు. వేస్తే ఫిల్ము జిడ్డుగా తేలి ఇంకు నిలవదు, సీల్ పట్టు తగ్గుతుంది. కార్బన్ బ్లాక్ (నల్లటి మసి పొడి) తగినంత వేస్తే తేమతో పని లేకుండా స్టాటిక్ పోతుంది, కానీ కవరు నల్లగా మారి మీ కారం ఎరుపు కనపడదు.

స్లిప్ పాత మోతాదుకే తెచ్చాం. ఇకపై ప్రతి రోల్ మా గోడౌన్‌లో 3 రోజులు ఆగాకే బయల్దేరుతుంది, తీసిన తేదీ లేబుల్ మీద ఉంటుంది. సీజన్‌లోనూ ఇంతే, కాబట్టి ఆర్డర్ కాస్త ముందుగా చెప్పండి. మీ వైపు మిషన్‌కి ఎర్త్ సరిచూసుకోండి. ఫిల్ము దారిలో రాగి టిన్సెల్ (సన్నటి రాగి పోగుల తోరణం) కట్టి ఎర్త్ చేస్తే ఇంకా మేలు. ప్యాకింగ్ గదిలో మాత్రం నీళ్లు చల్లకండి, కారం చెమ్మగిల్లుతుంది.

మిగిలిన జనవరి రోల్స్ ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంటే వెనక్కి పంపండి. రవాణా ఖర్చు మాదే, బదులు రోల్స్ ఇస్తాం.