కుర్చీకి ఉన్న చరిత్ర నాటకానికి లేదా?

సంపాదకుల వారికి,

అయ్యా,

మా విశ్వవిద్యాలయం వెలువరించిన చరిత్ర సంపుటి గురించి గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివిన వెంటనే ఈ ఉత్తరం రాయబోయి, కోపం చల్లారాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. అది చల్లారలేదు. విశ్వవిద్యాలయం పేరు నేను మళ్ళీ రాయనక్కరలేదు, వ్యాసం చదివినవారికి తెలిసినదే. ఆ సంపుటిని తెప్పించుకొని చూశాను. ఏ భవనానికి ఎవరు శంకుస్థాపన చేశారో, ఎవరు రిబ్బను కత్తిరించారో పేజీలకు పేజీలు ఉన్నాయి. విద్యార్థి నాటకానికి దక్కినది మాత్రం, విద్యార్థులు అప్పుడప్పుడు నాటికలు కూడా ప్రదర్శించేవారు అన్న ఒక్క వాక్యం. అందులోని ఆ ‘కూడా’ను మింగడం నా వల్ల కాలేదు.

మీ వ్యాసంతో పాటు వేసిన ఫోటో సంగతి కూడా చెప్పాలి. దాని కింద ‘వార్షికోత్సవంలో విద్యార్థుల నృత్యం’ అని అచ్చువేశారు. అది నృత్యం కాదు, నాటిక. ఎడమ నుంచి మూడోవాడిని నేనే. నా చేతిలో ఉన్నది లాంతరు, నాది వానలో దారి తప్పిన తపాలా బంట్రోతు వేషం. ఒక కాలు పైకి లేచి ఉండడానికి కారణం స్టేజీ బల్లకు కొట్టిన మేకు పైకి పొడుచుకొని రావడమే తప్ప తాళం కాదు. ఆ నాటిక కోసం నెల రోజుల పాటు తరగతి గదిలో సాయంత్రం ఆరింటికి రిహార్సల్స్ మొదలుపెట్టి, ఎనిమిదింటికి వాచ్‌మన్ లైట్లు తీసేస్తే మిగిలిన అంకం చెట్టు కింద పూర్తి చేసుకున్నవాళ్ళం మేము.

ఆ నాటికలో జమీందారు పాత్ర కూర్చోవడానికి కార్యాలయం నుంచి ఒక చేతుల కుర్చీ అడిగి తెచ్చుకున్నాము. తిరిగి ఇచ్చేనాటికి దాని కుడి చెయ్యి వదులైంది. అందుకు సంజాయిషీ కోరుతూ వచ్చిన మెమో, మేమిచ్చిన జవాబు, వడ్రంగికి ఇచ్చిన డబ్బుకు రసీదు, ఈ మూడూ నేటికీ ఫైలులో భద్రంగా ఉన్నాయి. నాకెలా తెలుసంటారా? ఈ సంపుటికి పూర్వ విద్యార్థులు సమాచారం అందించాలన్న ప్రకటన చూసి నిరుడు అక్కడికి వెళ్ళినప్పుడు, నాటకాల గురించి తమ వద్ద ఉన్న ఆధారం ఇదొక్కటేనని గుమాస్తాగారు ఆ ఫైలే తీసి చూపించారు. నేను పట్టుకెళ్ళిన కరపత్రాలను, పాత్రధారుల పేర్లు రాసుకున్న నోటు పుస్తకాన్ని ‘తర్వాత కబురు చేస్తాం’ అని చేతికే తిరిగి ఇచ్చారు. ఆ కబురు ఆదివారం మీ పత్రిక ద్వారా అందింది.

అసలు ఆధునిక తెలుగు నాటకం విద్యార్థుల చేతుల మీదుగానే రంగస్థలం ఎక్కిందన్న సంగతి వీరికి ఎవరైనా గుర్తుచేయాలి. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించారు. ప్లీడర్ల అక్రమాలను ఎండగట్టిన నాటకం అది. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవమంటూ పటానికి పూలమాల వేసి, శాలువాలు కప్పుకొని, టిఫిను ముగించే పెద్దలకు ఆ నాటకం ఆడినవారు కుర్రవాళ్ళేనన్న ఊహ అయినా తట్టదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా ఉన్న కె.వి. గోపాలస్వామి విద్యార్థి నాటకాన్ని స్వయంగా పూనుకొని పెంచారు. రిజిస్ట్రారు అనే ఉద్యోగంలో ఉన్నవారు కుర్చీ చేతులు లెక్కపెట్టడమే కాకుండా అటువంటి పనులు కూడా చేయవచ్చునని అందువల్ల తెలుస్తోంది. ఇక్కడ ‘కూడా’ నాది.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో నాటకమంటే ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది కాదు. చిత్తూరు పేరునే ఇంటిపేరులా మోసిన నాగయ్య స్టేజీ మీద నుంచే సినిమాకు వెళ్ళారు. ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, చివరకు మట్టితో చేసిన దుర్యోధనుడి వధ, అగ్నిగుండం. మా హాస్టల్లో అటువంటి ఊరి నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు. వాళ్ళ నాన్న అర్జునుడి వేషంలో తపస్సు మాను, అంటే అర్జునుడి తపస్సు ఘట్టానికి నాటే ఎత్తైన స్తంభం, ఎక్కి, కింద సాగిలపడిన ఆడవాళ్ళ మీదికి నిమ్మకాయలు, విభూతి విసిరే మనిషి. ఈ కుర్రవాడు నోరు తెరిస్తే మైకు లేకుండానే చివరి వరుసకు మాట వినిపించేది. అతనికి ఆ గొంతు ఏ శిక్షణ శిబిరంలోనూ రాలేదు. ఊరి భారతం నుంచి తరగతి గదిలోని ఏకాంకికకు నడిచిన ఆ దారే చరిత్ర అని నా అభిప్రాయం. సంపుటి రాసిన సంఘానికి మాత్రం చరిత్ర అంటే ఇటుకలు, సిమెంటు.

ఇప్పటి పరిస్థితి చూస్తే ఇంకా విసుగు పుడుతుంది. తిరుపతికి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చిన 1954లోనే ఢిల్లీలో తొలి అంతర్విశ్వవిద్యాలయ యువజనోత్సవం జరిగింది. ఆ పోటీలు నేటికీ ఉన్నాయి, వాటిలో ఏకాంకికకు 30 నిమిషాల గడువూ ఉంది. అయితే మా విశ్వవిద్యాలయంలో పోటీలకు పది రోజుల ముందు బయటి నుంచి ఒక దర్శకుడిని పిలిపించి, ఆ అరగంట సరుకు తయారుచేయించి, బహుమతి వస్తే ఫోటో దిగి, రాకపోతే బిల్లు పాస్ చేయకుండా తిప్పుతున్నారు. మిగిలిన ఏడాదంతా ఆడిటోరియం సన్మానసభలకే సరిపోతుంది. విద్యార్థులు రిహార్సలుకు ఒక సాయంత్రం అడిగితే మూడు సంతకాలు, డిపాజిట్టు కావాలట!

సంపుటిని మళ్ళీ అచ్చువేస్తారని నాకు ఆశ లేదు. కనీసం ఒక అనుబంధం వేసి, అప్పటి నటులు, ప్రాంప్టర్లు, తెర లాగినవారు, రంగులు వేసినవారు బతికుండగానే వారి జ్ఞాపకాలను రికార్డు చేసి, కరపత్రాలకు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించవలసిందిగా అధికారులను కోరుతున్నాను. నా దగ్గర పదకొండు కరపత్రాలు ఉన్నాయి. వాటి జిరాక్సు ప్రతులు ఈ ఉత్తరంతో జతపరుస్తున్నాను. మీరు కూడా వచ్చే ఆదివారం ఆ ఫోటో కింది ‘నృత్యం’ అన్న మాట తీసి ‘నాటిక’ అని సవరణ వేయండి.

ఇట్లు,
లాంతరు పట్టుకున్న పూర్వ విద్యార్థి,
తిరుపతి