నాన్నా, చిన్నోడి రేసు సంగతి

కోల్‌రేన్, ఉత్తర ఐర్లాండ్

నాన్నకు నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. నువ్వు, అమ్మ, చిన్నోడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ పంపిన చింతకాయ తొక్కు, సకినాలు అందాయి. ఇక అసలు విషయానికి వస్తాను.

చిన్నోడు బైకు రేసులకు పోతానన్నాడని, నువ్వు "రేసులు కూడా ఒక బతుకుదెరువేనా?" అని వాడి బండి తాళం లాక్కుని గల్లాపెట్టెలో వేశావని అమ్మ చెప్పింది. ఫోన్‌లో ఈ మాట ఎత్తితే మాటకు మాట పెరుగుతుంది, సగంలోనే నువ్వు ఫోన్ అమ్మ చేతికిస్తావు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదువు. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే వాడిని కాదు, నన్ను తిట్టు.

నువ్వు అడిగినదానికి జవాబు దొరికే చోటే నేనున్నాను. మా ఊరికి దగ్గర్లో బాలీమనీ అని చిన్న పట్నం. అక్కడ ఒక తోటలో రేసు బైకు మీద కూర్చున్న మనిషి విగ్రహం పెట్టారు. పేరు జోయీ డన్‌లప్. 2000లో ఆయన పోయినప్పుడు అంత్యక్రియలకు సుమారు 50 వేల మంది వచ్చారు. ఆ ఊరి జనాభాకి అది ఎన్నో రెట్లు. నేను డ్యూటీ చేసే కేర్ హోమ్‌లో కొందరు పెద్దవాళ్లకు పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు, జోయీ ఏ ఏడు ఏ బైకు మీద గెలిచాడో మాత్రం గడగడా చెప్తారు. మందులిస్తూ విన్నవి తర్వాత చదివి సరిచూసుకున్నాను. నీకు రాసేవి అవే.

ఆయన గురించి నీకే చెప్పాలనిపించడానికి కారణం ఉంది. ఆయన చేతులకు గ్రీజు అంటిన రేసర్. 1952లో పుట్టాడు. 1969లో 200 సీసీ ట్రయంఫ్ టైగర్ కబ్ మీద మొదటి రేసు. తర్వాత యమహా 350 టూ-స్ట్రోక్. మన రాజ్‌దూత్ 350 కూడా ఆ యమహా ఇంట్లో పుట్టిందేనని నీకు ఒకరు చెప్పాలా? మనది గాలికి చల్లబడేది, ఆయనది నీళ్లతో చల్లబడే రేసు బండి. అయినా అవే రెండు సిలిండర్లు, అదే టూ-స్ట్రోక్ మంకుతనం. ఆ బండి షెడ్డుకొస్తే నువ్వు రింగుల కోసం రాణిగంజ్ అంతా తిరిగేవాడివి. ఇంజిన్ బిగించాక ఒక రౌండు కొట్టివచ్చి, ప్లగ్గు విప్పి, వెలుతురులో తిప్పి తిప్పి చూసేవాడివి. బిస్కెట్ రంగులో ఉంటే ఇక చాయ్ తాగొచ్చన్నట్టు. నల్లబడితే పెట్రోలు ఎక్కువ తాగుతోందని, తెల్లబడితే చాలక పిస్టన్ కాలిపోతుందని కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టు మార్చేవాడివి. రేసు షెడ్డుల్లో టూ-స్ట్రోకుల కాలమంతా నడిచింది ఈ విద్య మీదే. పొద్దున చలిగాలికి ఒక జెట్టు, మధ్యాహ్నం ఎండకు ఇంకొకటి. హోండా కంపెనీ మనిషి అయ్యాక కూడా జోయీ తన చిన్న బైకులను తనే విప్పుకుని తనే బిగించుకునేవాడు.

ఆయన పేరు నిలబెట్టింది ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ. ఐర్లాండ్‌కూ ఇంగ్లాండ్‌కూ మధ్య సముద్రంలో ఒక దీవి, అక్కడ 1907 నుంచి రేసు జరుగుతోంది. కొండ మీదుగా పోయే ఇప్పటి దారి 1911 నుంచి ఉంది. ఒక్క చుట్టు 60 కిలోమీటర్ల పైన, రెండొందలకు మించి మలుపులు. అందరినీ ఒకేసారి వదలరు, పది సెకన్లకొకరిని వదులుతారు. పక్కవాడిని చూసి తొక్కే రేసు కాదది. గడియారంతో పోటీ, ఆ మలుపులన్నీ బుర్రలో ఉండాలి. జోయీ 1976లో మొదటిసారి వెళ్లాడు, 1977లో మొదటి గెలుపు.

1980 రేసు సంగతి మాత్రం నీకు తీరిగ్గా చెప్పాలి. యమహా 750 మీద, పెట్రోలు కోసం ఎక్కువసార్లు ఆగకుండా పెద్ద ట్యాంకు పెట్టుకుని దిగాడు. మొదటి చుట్టులోనే ట్యాంకును పట్టి ఉంచే పట్టీ తెగింది. పెట్రోలు నిండిన అంత బరువు ట్యాంకు బ్రేకు వేస్తే ముందుకు, వంపు తిరిగితే పక్కకు జరుగుతుంది కదా. ఆగిపోతే ఎవరూ తప్పుపట్టరు. ఆయన ఆగలేదు. మోకాళ్లతో, చేతులతో ట్యాంకును బిగబట్టుకుని నడిపాడు. హోండా కంపెనీ బైకు మీదున్న మిక్ గ్రాంట్‌ను దాటి రేసు గెలవడమే కాదు, గంటకు 185 కిలోమీటర్ల సగటుతో చుట్టు రికార్డు కూడా కొట్టాడు. మరుసటి ఏడాదికల్లా హోండా వాళ్లే ఆయన్ని తమ టీమ్‌లోకి తీసుకున్నారు. నువ్వు పనివాణ్ని ఎలా ఎంచుకుంటావో వాళ్లూ అలాగే ఎంచుకున్నారనిపించింది నాకు.

ఆ తర్వాత 1982 నుంచి 1986 వరకు వరసగా ఐదేళ్లు టీటీ ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్. పేరు అలా ఉన్నా అది కార్లది కాదు, బైకుల పోటీ. 1985లో దీవికి బయల్దేరిన చేపల పడవ బైకులతో సహా సముద్రంలో మునిగితే, అందులో ఉన్నవాళ్లందరినీ రక్షించారు. జోయీ కూడా అందులోనే ఉన్నాడు. ఆ ఏడాదే టీటీలో మూడు రేసులు గెలిచాడు. 1989లో ఇంగ్లాండ్‌లోని బ్రాండ్స్ హాచ్‌లో పడి ఎముకలు విరిగాయి. ఇక ఆయన పని అయిపోయిందనుకున్నారు. బరువైన బైకు నడపలేని రోజుల్లో 125 సీసీ ఎక్కి, 1992లో పాతకాలపు రేసర్ మైక్ హేల్‌వుడ్ టీటీలో సాధించిన 14 గెలుపుల రికార్డును అందుకుని, 1993లో దాటాడు. 2000లో 48 ఏళ్ల వయసులో మళ్లీ ఒకే వారంలో మూడు. మొత్తం టీటీలో 26, అల్‌స్టర్ గ్రాండ్ ప్రీలో 24, మా ఊరి నార్త్ వెస్ట్ 200లో 13. ముప్పై ఏళ్లు చేసిన పని నాన్నా ఇది. బతుకుదెరువు కాకపోతే మరేమిటి?

ఇన్ని గెలిచినా ఊరు వదల్లేదు. బాలీమనీలోనే పబ్ నడుపుకున్నాడు. వ్యాన్ నిండా బియ్యం పప్పుల్లాంటి తిండి సామాను, బట్టలు నింపుకుని, తనే నడుపుకుంటూ రొమేనియా, బోస్నియా, అల్బేనియా అనాథ పిల్లల దగ్గరికి పోయేవాడు. రేసులకు 1986లో ఒక బిరుదు వస్తే, ఈ సేవకు 1996లో ఇంకొకటి వచ్చింది. ఇక్కడి పెద్దవాళ్లు రేసుల కంటే ఈ మాట చెప్పేటప్పుడే ఎక్కువసేపు ఆగుతారు.

ఇప్పుడు నువ్వు భయపడే సంగతికి వస్తాను. దాచను.

2000 జులై 2న ఎస్టోనియాలోని టాలిన్‌లో, వానలో, 125 సీసీ రేసులో బైకు జారి చెట్లకు తగిలి జోయీ పోయాడు. అంతకు ముందు 1979లో ఆయన స్నేహితుడు ఫ్రాంక్ కెనడీ, 1980లో బావ మెర్విన్ రాబిన్సన్, ఇద్దరూ మా ఊరి రేసులో తగిలిన దెబ్బలతోనే పోయారు. 2008లో తమ్ముడు రాబర్ట్ ఇదే రేసు ప్రాక్టీసులో పోయాడు. రెండు రోజులకు రాబర్ట్ కొడుకు మైకేల్ అదే రోడ్డు మీద దిగి రేసు గెలిచాడు. 2018లో మైకేల్ అన్న విలియం పోయాడు. 2024లో పెదనాన్న 26 గెలుపుల రికార్డును మైకేలే దాటాడు. ఆ ఇంటి ఆడవాళ్ల గురించి ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు.

ఎందుకు ఇన్ని చావులు? రోడ్డు. ఈ మే నెలలో సెలవు చూసుకుని నార్త్ వెస్ట్ 200కు వెళ్లాను. కోల్‌రేన్, పోర్ట్‌స్టీవర్ట్, పోర్ట్‌రష్ మూడూళ్ల మధ్య రోజూ బస్సులు తిరిగే రోడ్డే అది, చుట్టు దాదాపు 14 కిలోమీటర్లు. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ పక్కన రోడ్లు మూసి ఫార్ములా ఈ కార్లు తిప్పారు కదా, అలాగే మూస్తారు. కాకపోతే అక్కడ దారి పొడవునా కాంక్రీటు గోడలు, జాలీలు కట్టారు. ఇక్కడ బైకు పక్కన ఉండేది ఇంటి ప్రహరీ. కాలిబాట రాయి. మెత్త చుట్టిన కరెంటు స్తంభం. నేను నిలబడ్డ చోట ముందు దూరంగా కందిరీగల గోల వినిపించింది, ఆ వెంటనే ఛాతీ మీద గాలి దెబ్బ, తల తిప్పేసరికి బైకు లేదు. గంటకు 320 కిలోమీటర్లు దాటుతాయి ఆ చోట. నా పక్కనున్నామె చప్పట్లు కొడుతోంది, నా చేతులు మాత్రం లేవలేదు. చిన్నోడిని ఆ రోడ్డు మీద నేను ఒప్పుకోను. వాడు కాళ్లు పట్టుకున్నా ఒప్పుకోను.

కానీ నాన్నా, ఇదే మట్టిలోంచి ఇంకో దారి కూడా వచ్చింది. జోయీకి మొదట్లో డబ్బు పెట్టి బైకులిచ్చినాయన జాన్ రే. ఆయన మనవడే జొనాథన్ రే. వాళ్ల నాన్న కూడా టీటీ గెలిచినవాడే. అయినా జొనాథన్ రోడ్ల వైపు పోలేదు. చిన్నతనంలో మట్టి ట్రాకుల మీద మొదలుపెట్టి, పెద్దయ్యాక, రేసుల కోసమే కట్టిన సర్క్యూట్ల మీదే నడిపాడు. అక్కడ మలుపు బయట గోడ ఉండదు, కంకర పరిచిన ఖాళీ ఉంటుంది. జారినవాడు దొర్లుకుంటూ పోయి చాలాసార్లు లేచి నడిచి వస్తాడు. ప్రతి మలుపు దగ్గరా జెండా పట్టుకుని మార్షల్, లోపల అంబులెన్స్. జొనాథన్ 2015 నుంచి 2020 వరకు వరసగా ఆరేళ్లు వరల్డ్ సూపర్‌బైక్ ఛాంపియన్, వందకు పైగా రేసులు గెలిచాడు. సర్క్యూట్ల మీద ప్రాణం పోదని నేను అనను, పోయినవాళ్లున్నారు. నర్సుగా నీకు అబద్ధం చెప్పలేను. కానీ ఆ రెండింటికీ ఉన్న తేడా చాలా పెద్దది.

ఇప్పుడు చిన్నోడు ఎక్కడ నడుపుతున్నాడో నీకు తెలుసా? అర్ధరాత్రి రాయదుర్గం ఐటీ కంపెనీల రోడ్ల మీద, స్నేహితులతో పందెం కట్టి. అక్కడ మార్షల్ లేడు, అంబులెన్స్ లేదు, ఎదురొచ్చే వాటర్ ట్యాంకర్ డ్రైవర్‌కు అక్కడ రేసు జరుగుతోందని తెలియదు. హైదరాబాద్‌లో నేను క్యాజువాల్టీలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి పిల్లల్ని స్ట్రెచర్ మీంచి దించాను. చాలామంది హెల్మెట్ బండికే తగిలించి ఉండేది. వాళ్ల అమ్మలు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చేవాళ్లు. నువ్వు వద్దన్నంత మాత్రాన వాడు మానడు, స్నేహితుడి బండి మీద పోతాడు. అందుకే రేసు వద్దనడం కంటే చోటు మార్చడం మేలని నా గట్టి నమ్మకం.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకు ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. ముందు అక్కడ శిక్షణ తరగతులు, తర్వాత మన దేశంలో మోటారు రేసులు చూసుకునే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ వాళ్లిచ్చే రేసింగ్ లైసెన్సు, ఆ తర్వాత కొత్తవాళ్ల తరగతిలో రేసులు. హోసూరు టీవీఎస్ వాళ్లకు 1982 నుంచి రేసింగ్ టీమ్ ఉంది. వాళ్లు అందరికీ ఒకే రకం బండ్లు ఇచ్చి పెట్టే పోటీలున్నాయి, వాటిలో డబ్బున్నవాడి బండి, లేనివాడి బండి అని ఉండదు. ప్రపంచ ఛాంపియన్లయినవాళ్లు బడికి పోయే వయసులోనే ట్రాకెక్కారు, మనవాడికి ఇరవై దాటాయి. వాడు ప్రపంచాన్ని గెలుస్తాడని నీకు ఆశ పెట్టను. రెండు మూడేళ్లు నడిపి టైమింగ్ తగ్గకపోతే వాడికే తెలిసిపోతుంది. అప్పుడు కూడా టీమ్ మెకానిక్‌గా, కంపెనీల్లో టెస్ట్ రైడర్‌గా, కొత్త పిల్లలకు నేర్పేవాడిగా పని ఉంటుంది. నీ దగ్గర పని నేర్చిన కొడుకు కాబట్టి ఆ తలుపులు వాడికి ఇంకా సులువుగా తెరుచుకుంటాయి.

నా షరతులు వాడికి నేనే చెప్తాను. రాత్రి పందేలు ఈ రోజుతో బంద్. డిగ్రీ సప్లిమెంటరీలు రాసి తీరాలి. లెదర్ సూటు, బూట్లు, గ్లవ్స్, మంచి హెల్మెట్ లేకుండా ట్రాకు మీద ఒక్క రౌండు కూడా వద్దు. పాత సూటైనా ఫరవాలేదు, హెల్మెట్ మాత్రం కొత్తదే కొనాలి. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల నలిగిపోయి ఉంటుంది. ఆ డబ్బు, మొదటి శిక్షణ ఫీజు నేను పంపిస్తాను, జీతం పడగానే నీ ఖాతాలోనే వేస్తాను. వాడి చేతికి ఇవ్వకు.

నిన్ను అడిగేది ఒకటే. వాడిని ఒంటరిగా పంపకు, వాడితో నువ్వూ వెళ్లు. ఆ షెడ్డుల్లో నిలబడి ఇంజిన్ చప్పుడు విను, టైర్లు చూడు, వాళ్లు పని ఎలా చేస్తున్నారో చూడు. అది నీకు పనికిమాలిన పనిలా కనిపిస్తే తిరిగొచ్చి చెప్పు, నేను ఇంకోసారి ఈ ఊసెత్తను. షెడ్డు ఆ నాలుగు రోజులు బాబాయి చూసుకుంటాడు, నేను మాట్లాడతాను.

అమ్మ ఏడుస్తుంది, నాకు తెలుసు. ఆమెకు ఈ ఉత్తరంలో చావుల సంగతి చదివి వినిపించకు, మిగతాది చెప్పు. బీపీ మాత్రలు పూట తప్పించొద్దు. ఆదివారం మీకు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను, చిన్నోడిని పక్కన కూర్చోబెట్టుకో.

ఇట్లు,
నీ పెద్ద బిడ్డ