మామిడి పెట్టెల విషయంలో జరిగిన పొరపాటు, ఈ ఏడాది మార్పులు

పోయిన మామిడి సీజన్లో మా అట్టపెట్టెలు తీసుకున్న రైతులు, వ్యాపారులు ముందుగా నన్ను క్షమించాలి. లారీలో అడుగు వరుస పెట్టెలు నలిగి కాయ దెబ్బతిన్నదని మీలో కొందరు ఫోను చేశారు. తప్పు మాదే. పేపరు ధర పెరిగింది. పెట్టె ధర పెంచుతామని చెప్పడానికి మొహమాటపడి, లోపలి పొరలకు తక్కువ బరువున్న క్రాఫ్ట్ పేపరు, అంటే అట్ట చేయడానికి వాడే గట్టి గోధుమరంగు కాగితం, వాడాను. ఆ సంగతి మీకు చెప్పలేదు.

మా పని విజయవాడలో ఇంటి వసారాలో మొదలైంది. వన్‌టౌన్ బట్టల కొట్లకు చీరల పెట్టెలు చేసేవాళ్లం. అమ్మ పెద్ద గిన్నెలో మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేది. బడి నుంచి రాగానే నేను, చెల్లి అట్టలకు జిగురు రాసేవాళ్లం. వేళ్లకు అంటిన ఆ జిగురు ఆదివారం తలంటుకు గానీ పూర్తిగా వదిలేది కాదు.

ఆ రోజుల్లో మామిడికాయ చెక్కపెట్టెల్లో, గడ్డి పరుచుకుని ప్రయాణం చేసేది. చెక్క ప్రియమై వ్యాపారులు అట్టపెట్టెలు అడగసాగాక నాన్నగారు ఆటోనగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని కాగితాన్ని అలల్లా మడతలు పెట్టే ఒక పాత కారుగేషన్ మిషన్ కొన్నారు. 5 ప్లై, అంటే ఐదు పొరల, పెట్టె తయారైతే బోర్లించి, చెప్పులు విప్పి, దానిమీద తానే ఎక్కి నిలబడేవారు. కుంగిందా, ఆ లాటు షెడ్డు దాటేది కాదు. 2021లో చైనా చిత్తుకాగితం దిగుమతి ఆపేసి, మన దేశం నుంచి క్రాఫ్ట్ రోళ్లు కొనుక్కుపోవడంతో ఇక్కడ పేపరు ధర మండిపోయింది. అప్పుడు కూడా ఆయన నాసిరకం పేపరు ముట్టుకోనివ్వలేదు. అందుకే నిరుడు నేను చేసిన పని నన్ను ఇంతగా బాధిస్తోంది.

పెట్టె మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ధర ఎందుకు తగ్గదని చాలామంది అడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్టెకు 5 అయిన మాట నిజమే; అదే రోజున మేము కొనే క్రాఫ్ట్ పేపరుకు 12 నుంచి 18 అయింది. పేపరు మీద ఇలా ఎక్కువగా కట్టిన పన్ను వాపసు వస్తుంది, కానీ వచ్చేదాకా ఆ సొమ్ము మా చేతిలో ఉండదు. యంత్రాల మీద కట్టిన పన్ను ఆ వాపసు లెక్కలోకి రాదు.

ఈ సీజన్ నుంచి మళ్లీ పాత బరువు పేపరే వాడుతున్నాం. పెట్టెకు 2 రూపాయలు పెరుగుతుంది. పేపరు ఎన్ని జీఎస్‌ఎమ్మో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో, ఇకపై బిల్లులోనే రాసి ఇస్తాం.

ఒక్క మనవి. పెట్టె బలంలో ఎక్కువ భాగం మూలల్లోనే ఉంటుంది. లారీలో పేర్చేటప్పుడు మూల మీద మూల వచ్చేలా చూడండి. అడ్డదిడ్డంగా పేరిస్తే ఎంత మంచి పెట్టె అయినా కుంగుతుంది. కాయ నుంచి వచ్చే చెమ్మకు అట్ట మెత్తబడుతుంది కాబట్టి గాలి రంధ్రాలు మూసుకుపోనివ్వకండి.

నిరుడు నష్టపోయినవారు పాత బిల్లు తీసుకుని షెడ్డుకు రండి. అన్ని పెట్టెలూ కొత్తవి ఇస్తాం.