పతకం వెనక వైపు కూడా చూపించండి

సంపాదకులకు నమస్కారం.

నలభై ఏళ్లు కంసాలి పని చేసినవాణ్ణి. 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో నిజాం నగలు పెట్టినప్పుడు జనమంతా జాకబ్ వజ్రం దగ్గరే గుమిగూడారు. నేను మాత్రం కుందనం పతకాల దగ్గర ఆగిపోయాను. రాయి చుట్టూ మేలిమి బంగారు రేకును చేత్తో నొక్కి బిగిస్తారు. ఆ అంచు ఇన్నేళ్లయినా ఎక్కడా లేవలేదు! ఇలాంటి పతకాలకి వెనక మీనా పని, అంటే లోహం మీద కాల్చి కరిగించిన రంగు గాజు పూత ఉంటుంది, ఎర్ర పూలూ పచ్చాకులూ. ముందున్న వజ్రాలు దర్బారు చూడ్డానికి. వెనకున్న పూలు వేసుకున్నవాళ్లకీ, చేసినవాడికీ మాత్రమే తెలుసు. పేరు రాసుకోని పనివాడికి అదే సంతకమేమో.

1995లో కేంద్రం 218 కోట్లు పెట్టి ఆ 173 నగలు కొన్నది. మళ్లీ హైదరాబాద్ తెచ్చినప్పుడు పతకం కింద చిన్న అద్దం పెట్టించండి, చాలు.

- ఒక పాఠకుడు, పాతబస్తీ, హైదరాబాద్