వాల్వు ఆపరేషన్ తర్వాత మా వదినకు తోడున్న అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. చిన్నప్పటి కీళ్ళవాతం జ్వరం వల్ల బిగుసుకుపోయిన మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం) తీసేసి మా వదినకు మెకానికల్ వాల్వు, అంటే కృత్రిమ కవాటం పెట్టారు. సర్జన్ గారికి, మత్తు డాక్టర్లకు ఎదురుగా దణ్ణం పెట్టి చెప్పుకున్నాం. ఈ పోస్టు మిగతావాళ్ళ కోసం. డిశ్చార్జి కాగితంలో వాళ్ళ పేర్లు ఉండవు, కానీ ఆపరేషన్ తర్వాతి వారాలు గడిచింది వాళ్ళ మాటల మీదే. ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో కూడా రాస్తున్నాం. రేపు ఇంకో ఇంట్లో ఇవే అవసరం పడతాయి.

ముందుగా ఫిజియోథెరపీ అమ్మాయికి. ఊపిరి వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ చేతికి రాగానే చాలామంది అందులోకి ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. అదీ గబుక్కున కాదు, నిదానంగా పీల్చి బంతిని రెండు మూడు సెకన్లు పైన నిలపాలి. మెలకువగా ఉన్నంతసేపు గంటకు పదిసార్లు. కోత నొప్పికి ఊపిరి పైపైనే తీస్తుంటే ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోతుంది, కళ్ళె పేరుకుంటుంది, జ్వరం, న్యుమోనియా వస్తాయి. అందుకే నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు ఈ వ్యాయామం చేయించేది. దగ్గాల్సి వస్తే మడిచిన దుప్పటినో దిండునో రొమ్ముకు గట్టిగా హత్తుకుని దగ్గమంది. దగ్గు ఆపుకోవద్దని మరీ మరీ చెప్పింది.

మంచం మీంచి లేపే పద్ధతి కూడా ఆమే నేర్పింది. ప్రేమకొద్దీ బంధువులు చేతులు పట్టి లాగుతారు, చంకల కింద చేతులు వేసి ఎత్తుతారు. రొమ్ము ఎముకను మధ్యకు కోసి స్టీలు తీగలతో కట్టి ఉంచారు కాబట్టి ఆ లాగుడంతా అక్కడే పడుతుంది. పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు మంచం కిందికి జార్చి, మోచేతులు ఒంటికి ఆనించి లేవాలి. పక్కనున్నవాళ్ళు వీపు వెనక చెయ్యి వేసి ఊతమిస్తే చాలు. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి ఆరు వారాలు రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు. అన్నం ఉన్న ఐదు లీటర్ల కుక్కర్, సగం బకెట్ నీళ్ళు, చంటిపిల్ల, ఏవైనా ఆ బరువు దాటిపోతాయి. తడిబట్టలు పిండటం, చపాతీ పిండి మర్దించడం, బోరింగు కొట్టడం కూడా రొమ్ము మీద పడే పనులే. కదిలినప్పుడు ఎముకలో 'టక్'మన్నట్టు అనిపించినా, గాయం నుంచి చీము, నీరు కారినా వాయిదా తేదీ వరకూ ఆగకుండా అదే రోజు చూపించాలి.

వార్డు సిస్టర్ గారు ఆడవాళ్ళకు చెప్పే సంగతులు మాకు మరెక్కడా దొరకలేదు. రొమ్ముల బరువు కుట్లను రెండు వైపులా లాగుతుంది, నొప్పి పెరుగుతుంది, గాయం కింది కొస మానదు. ముందు హుక్కులుండే, వైరు లేని మెత్తటి నూలు బ్రా రాత్రింబవళ్ళు వేసుకోవాలి. రొమ్ముల కింద మడతలో చెమ్మ నిలవనీయకూడదు. నల్లపూసలు, గొలుసులు కుట్ల మీద రాసుకుంటాయి, గాయం మానేదాకా తీసి పెట్టాలి. పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏవీ పెట్టొద్దు. రక్తం పలచబడే మందుతో నెలసరి ఎక్కువగా అవుతుంది కాబట్టి రక్తహీనత చూసుకోవాలి. ఆ మందు వాడుతుండగా గర్భం వస్తే తొలి నెలల్లో బిడ్డకు హాని జరగొచ్చు, అలాగని మందు సొంతంగా ఆపితే తల్లి ప్రాణానికే ముప్పు. పిల్లలు కావాలనుకునేవాళ్ళు నెల తప్పకముందే డాక్టరుతో మాట్లాడాలి. సిగ్గుపడి ఎవరూ అడగని ఈ విషయాలు తలుపు వేసి, కూర్చోబెట్టి మరీ చెప్పినందుకు సిస్టర్ గారూ, మా ఇంటి ఆడవాళ్ళందరి తరఫున నమస్కారం.

ఇక మందు సంగతి. రక్తం పలచబరిచే అసిట్రోమ్ మాత్ర రోజూ సాయంత్రం ఒకే వేళకు వేసుకోవాలి. మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోకూడదు, పుస్తకంలో రాసుకోవాలి, అంతే. మైట్రల్ చోట మెకానికల్ వాల్వు ఉంటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష అంకె) మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. తగ్గితే వాల్వు మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం.

ఇక్కడ మా ఊరి ల్యాబ్ టెక్నీషియన్ అన్నకు ప్రత్యేకంగా చెప్పాలి. నీలం మూత గొట్టంలో గీత వరకూ రక్తం నిండాలి: రక్తం గడ్డకట్టకుండా అందులో ముందే పోసి ఉంచే సిట్రేటు ద్రవం ఒక వంతుకు తొమ్మిది వంతుల రక్తం. నరం దొరక్క సగంతో ఆపేస్తే ద్రవం ఎక్కువై ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి డోసు తగ్గిస్తారు. నిజానికి రక్తం చిక్కగా ఉంటుంది, గడ్డ కట్టే దారి అక్కడ తెరుచుకుంటుంది. గీత దాకా రాకపోతే ఆయన ఆ గొట్టం పారేసి ఓపిగ్గా మళ్ళీ తీశారు. ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించమన్నదీ ఆయనే. తేదీ, డోసు, ఐఎన్ఆర్, ఆ వారం కొత్తగా వాడిన మందు, ఈ నాలుగూ ఒకే వరుసలో ఉండే నోటుబుక్కు గీసిచ్చారు. దాన్ని చూసి ఓపీలో డాక్టరు గారు డోసు వెంటనే తేల్చేస్తున్నారు.

మందుల షాపు బాబాయి గారు 1 ఎంజీ, 2 ఎంజీ స్ట్రిప్పులు వేర్వేరు కవర్లలో పెట్టి పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. రక్తస్రావం ముప్పు పెంచే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు అడిగితే ఇవ్వరు. మెట్రోనిడజోల్, ఫ్లూకొనజోల్, సెప్ట్రాన్ లాంటి ఇన్ఫెక్షన్ మందులు ఎవరైనా రాసిస్తే ఐఎన్ఆర్ పెరిగిపోతుందని, గుండె డాక్టరుకు ఫోన్ చేయమని పంపిస్తారు. ఆకుకూరలు మానేయమని ఊరంతా చెప్పింది. డైటీషియన్ గారి మాట వేరు: గోంగూర, తోటకూర, మునగాకు తినొచ్చు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. నెల్లాళ్ళు మానేసి ఒక్కసారిగా పప్పులో గంపెడు తోటకూర వేస్తే అంకె పడిపోతుంది.

ఒళ్ళునొప్పులన్నప్పుడు తుంటికి ఇంజెక్షన్ చేయనని చెప్పిన మా ఆర్ఎంపీ గారికి కూడా కృతజ్ఞతలు. ఈ మందు మీదున్నవాళ్ళకు కండలోకి సూది వేస్తే లోపల రక్తం చేరి గడ్డవుతుంది. కీళ్ళవాతం జ్వరం మళ్ళీ రాకుండా 21 రోజులకోసారి వేయించుకునే పెన్సిలిన్ మాత్రం కొత్త వాల్వు వచ్చిందని మానకూడదు, మిగతా వాల్వులకు ముప్పు అలాగే ఉంటుంది. సూదా, మాత్రలా అన్నది గుండె డాక్టరు చెప్పాలి. జ్వరం వస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) తీయాలన్నది కూడా ఈయనకు తెలుసు. ముందే మాత్రలు మింగితే వాల్వుకు పట్టిన ఇన్ఫెక్షన్ పరీక్షలో దొరక్కపోవచ్చు. పళ్ళు తీయించేముందు కూడా ఆసుపత్రిలో ఇచ్చే వాల్వు కార్డు చూపించి, యాంటీబయాటిక్ ముందుగా వేసుకోవాలి.

ఆరోగ్యశ్రీ కౌంటర్‌లోని ఆరోగ్యమిత్ర తమ్ముడు కాగితాలన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. డిశ్చార్జి రోజున వాల్వు కార్డు అడిగి తీసుకోండని గుర్తుచేసిందీ అతనే. అందులో వాల్వు పేరు, సైజు, సీరియల్ నంబరు ఉంటాయి, పర్సులో పెట్టుకోవాలి.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున కాలకృత్యాల తర్వాత, టిఫిన్‌కు ముందు చూసిన బరువు ఫోన్‌లో అడిగి రాసుకున్న పక్కింటి అక్కా, మీ పని చిన్నది కాదు. ఒక్క రోజులో కిలో, వారంలో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక వైపు చెయ్యో కాలో పట్టు తప్పడం, నల్లటి విరేచనం, మెకానికల్ వాల్వు చేసే టిక్కు టిక్కు చప్పుడు మందగించి ఆయాసం రావడం, ఇవన్నీ ఆమె గోడ మీద అంటించిన కాగితంలో ఉన్నాయి. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి.

రక్తం ఇచ్చిన తమ్ముళ్ళూ, మీలో ఇద్దరు మాకు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు. మగవాళ్ళకు మూడు నెలలు, ఆడవాళ్ళకు నాలుగు నెలలు గడిస్తే మళ్ళీ ఇవ్వొచ్చు. మా ఇంట్లో ఇవ్వగలిగినవాళ్ళందరం అదే బ్లడ్ బ్యాంకులో పేర్లు, ఫోన్ నంబర్లు రాయించాం. మీ వాళ్ళకు అవసరమైతే ఏ వేళైనా పిలవండి.